తలుపు తీస్తే ఎంత ఖర్చు: తొలి ‘రెసిడెంట్ ఈవిల్’ ఆకర్షణ వెనుక ఉన్న లెక్క

1996 మార్చిలో జపాన్‌లో ‘బయోహజార్డ్’ అన్న పేరుతోనూ, అదే నెలాఖరులో అమెరికాలో ‘రెసిడెంట్ ఈవిల్’ అన్న పేరుతోనూ ప్లేస్టేషన్ మీద విడుదలైన వీడియో గేమ్ ఒకటి ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది. దానికి మెరుగులు దిద్దిన కొత్త రూపం 2002 నుంచీ దొరుకుతున్నా, ఆ పాత ఆటనే 2024లో గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణం నేటి కంప్యూటర్ల మీద నడిచేలా సరిచేసి మళ్ళీ అమ్మకానికి పెట్టింది. ఇప్పటి ఆటలకు అలవాటుపడి దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారికి తొలి పది నిమిషాల్లోనే ఒక సందేహం కలుగుతుంది. పాత్ర పక్కకు తిరగడానికే సమయం పడుతుంది, కెమెరా మన మాట వినదు, సంచిలో నాలుగు వస్తువులు పెట్టేసరికి చోటు అయిపోవస్తుంది, ఆటను సేవ్ చేసుకోవడానికి కూడా ఒక సరుకు ఖర్చవుతుంది. ఇన్ని అవస్థలున్న ఆటను తరతరాలవాళ్ళు ఎందుకు నెత్తిన పెట్టుకున్నారు?

ఈ ప్రశ్నకు చాలాకాలంగా రెండు జవాబులు వినిపిస్తున్నాయి. అవన్నీ అప్పటి యంత్రాల పరిమితి వల్ల వచ్చిన లోపాలనీ, పాతదన్న మమకారం కొద్దీ జనం వాటిని మెచ్చుకుంటున్నారనీ ఒక వర్గం అంటుంది. ఆ అవస్థలే ఆటకు ప్రాణమని రెండో వర్గం అంటుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గాని, దేనికది పూర్తి జవాబు కాదని నా అభిప్రాయం. ఈ ఆటలో భయం జాంబీ ముఖంలో కన్నా, మనం చేసే ప్రతి పనికీ ఆట కట్టే ధరలో ఎక్కువగా ఉంది. ఆ ధరలు ఎలా పనిచేస్తాయో ఒక్కొక్కటిగా చూస్తే తప్ప ఆకర్షణ ఎక్కడుందో తేలదు.

జాంబీ అంటే ఎవరు, సర్వైవల్ హారర్ అంటే ఏమిటి

జాంబీ అన్న భావన కరేబియన్ దీవుల్లోని హైతీ నుంచి వచ్చింది. మంత్రగాడు శవాన్ని లేపి, దానిచేత బానిసలా చాకిరీ చేయించుకుంటాడన్న నమ్మకం అక్కడిది. చెరుకు తోటల్లో బానిసలుగా బతికినవారి దేశంలో, చచ్చినా విడుదల లేకపోవడం కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉండదు. మనిషిని కొరికి తినే, కొరికినవాణ్ణి కూడా తనలా మార్చే నేటి జాంబీకి రూపమిచ్చింది మాత్రం అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమేరో 1968లో తీసిన సినిమా. ‘రెసిడెంట్ ఈవిల్’ ఆ వారసత్వాన్ని తీసుకుని, మంత్రం స్థానంలో ఒక మందుల కంపెనీని, దాని ప్రయోగశాల నుంచి బయటపడిన టీ-వైరస్‌ను పెట్టింది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. మనకు తెలిసిన దెయ్యానికి ఒక పేరు, ఒక పగ, తీరని కోరిక ఉంటాయి. శవంలో చేరిన బేతాళుడు సైతం కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు, జవాబు చెబితే చెట్టెక్కుతాడు. జాంబీతో మాట సాగదు. దానికి ఆకలి తప్ప మరేమీ లేదు. కాబట్టి దాని ముందు మిగిలే దారులు మూడే: చంపడం, తప్పించుకోవడం, కరిపించుకోవడం. ఆట రూపకర్తలకు ఈ లక్షణం ఎంతో అనువైనది, ఎందుకంటే ఈ మూడు దారుల్లో ప్రతిదానికీ లెక్క కట్టవచ్చు.

‘సర్వైవల్ హారర్’ అన్న మాటకు ప్రాచుర్యం వచ్చింది ఈ ఆటతోనే. ఆట మొదలయ్యేటప్పుడు తెర మీద కనిపించే వాక్యంలోనే ఆ మాట ఉంటుంది. దీని అర్థాన్ని ఇలా చెప్పుకోవచ్చు: శత్రువులందరినీ చంపగలిగేంత బలం మన పాత్రకు ఉండదు, ఉన్న కొద్దిపాటి సరుకుతో ప్రాణం నిలుపుకుంటూ బయటపడటమే లక్ష్యం. మామూలు తుపాకుల ఆటలో తూటా పనిముట్టు మాత్రమే. ఇక్కడ అది జీతం డబ్బు లాంటిది, నెలాఖరు వరకు రావాలి.

బంగళా కథకు ముందు కథ

ఈ ఆటను తయారుచేసింది జపాన్‌లోని ఒసాకా నగరానికి చెందిన క్యాప్‌కామ్ సంస్థ. దర్శకుడు షింజీ మికామి, నిర్మాత తోకురో ఫుజివారా. ఫుజివారా అంతకుముందు 1989లో ఫ్యామికామ్ యంత్రం మీద ‘స్వీట్ హోమ్’ అనే ఆటకు దర్శకత్వం వహించారు. పాడుబడిన బంగళా, కొద్దిపాటి సామాన్లు మాత్రమే పట్టే సంచి, దొరికిన కాగితాల ద్వారా తెలిసే గతం, ప్రతి గదికీ తలుపు తెరుచుకునే దృశ్యం, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని కొత్త యంత్రం మీద మళ్ళీ చేద్దామన్న ఆలోచనతోనే ‘రెసిడెంట్ ఈవిల్’ పని మొదలైంది. కదలని కెమెరా కోణాల పద్ధతికి మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన ఇన్ఫోగ్రామ్స్ 1992లో తెచ్చిన ‘అలోన్ ఇన్ ద డార్క్’ దారి చూపింది. ఆ ప్రభావాన్ని మికామి తర్వాతి కాలంలో అంగీకరించారు.

కథ చిన్నదే. 1998 జులైలో, రకూన్ సిటీ అనే కల్పిత అమెరికన్ పట్టణం పక్కనున్న ఆర్క్‌లే కొండల్లో జరిగిన హత్యలను పరిశోధించడానికి స్టార్స్ అనే ప్రత్యేక పోలీసు దళం వెళుతుంది. కుక్కలు తరమగా మిగిలినవాళ్ళు ఒక బంగళాలోకి పరుగెత్తుతారు. క్రిస్ రెడ్‌ఫీల్డ్, జిల్ వాలెంటైన్ అనే ఇద్దరిలో ఒకరిని ఎంచుకుని మనం ఆడాలి. సంభాషణలు జపాన్‌లో విడుదలైన ఆటలోనూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి, ఆ నటన ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో అభిమానులే ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ ముచ్చట నాకూ ఇష్టమే గాని, ఆట నిలబడింది దాని మీద కాదు.

ఆరు గడులు, ఎనిమిది గడులు

అసలు విషయం సంచిలో ఉంది. జిల్ సంచిలో ఎనిమిది గడులు, క్రిస్ సంచిలో ఆరు గడులు ఉంటాయి. ఒక వస్తువుకు ఒక గడి. తుపాకీకి ఒకటి, దాని అదనపు తూటాలకు ఒకటి, గాయానికి వాడే మూలికకు ఒకటి, తాళంచెవికి ఒకటి, సేవ్ చేసుకోవడానికి కావలసిన ఇంక్ రిబ్బన్‌కు ఒకటి.

క్రిస్‌తో ఆడుతున్నామనుకుందాం. పిస్టల్, తూటాలు, ఒక మూలిక, ఒక ఇంక్ రిబ్బన్ పెట్టుకునేసరికి నాలుగు గడులు పోయాయి. వెళ్ళే దారిలో తెరవవలసిన తలుపు కోసం తాళంచెవి తీసుకుంటే మిగిలేది ఒక్క గడి. ఆ గది లోపల రెండు వస్తువులు దొరికితే ఒకటి వదిలేసి రావాలి, లేదా సామాన్ల పెట్టె ఉన్న గదికి తిరిగి నడిచి, దేన్నో దాచి, మళ్ళీ రావాలి. ఆ రాకపోకల దారిలో జాంబీలున్నాయి. జిల్ దగ్గర తేలికపాటి తాళాలను తెరిచే పనిముట్టు ఉంటుంది కనుక ఆమెకు కొన్ని తాళంచెవుల అవసరమే ఉండదు. బదులుగా దెబ్బలను ఆమె క్రిస్ అంతగా తట్టుకోలేదు. అంటే పాత్రను ఎంచుకోవడమే ఒక బేరం. బలం కావాలా, చోటు కావాలా అని ఆట మొదట్లోనే అడుగుతుంది.

మూలికల్లోనూ ఇదే తర్కం నడుస్తుంది. పచ్చ మూలిక గాయాన్ని కొంత మాన్పుతుంది. ఎర్ర మూలిక ఒంటరిగా ఎందుకూ పనికిరాదు, కాని పచ్చదానితో కలిపితే ఆరోగ్యం పూర్తిగా తిరిగి వస్తుంది. పాత్రకు కొంచెం గాయమైంది, చేతిలో ఒక్క పచ్చ మూలిక ఉంది, ఎర్రది ఇంకా దొరకలేదు. ఇప్పుడు వాడాలా, ఆగాలా? వాడితే గడి ఖాళీ అవుతుంది గాని రేపటి పూర్తి వైద్యం సగం ధరకు పోయినట్టే. ఆగితే గాయంతోనే తర్వాతి గదిలోకి అడుగుపెట్టాలి. అదీగాక రెండు మూలికలను కలిపితే రెండు గడుల సరుకు ఒక్క గడిలో ఇముడుతుంది, కాబట్టి చోటు కోసమే ముందుగా కలిపేయాలన్న తొందర కూడా కలుగుతుంది. ఇంట్లో గ్యాస్ సిలిండర్ అయిపోవచ్చిందో లేదో తెలియక, పప్పు ఈ పూట వండాలా రేపు వండాలా అని ఆలోచించినవారికి ఈ లెక్క కొత్తదేమీ కాదు.

ఆడుతున్నంతసేపూ తెర మీద తూటాల సంఖ్యగాని, ఆరోగ్యపు గీతగాని కనిపించవని కూడా గమనించాలి. సంచి తెరిచి చూస్తేనే తూటాలెన్నో తెలుస్తుంది. ఆరోగ్యం ఆస్పత్రిలో గుండె కొట్టుకునే గీతలా ఆకుపచ్చగానో, పసుపుగానో, ఎర్రగానో కనిపిస్తుంది తప్ప ఇంకెన్ని దెబ్బలు తట్టుకోగలమో అంకె రూపంలో చెప్పదు. ఖర్చు ఖచ్చితంగా తెలుస్తుంది, నిల్వ మాత్రం అంచనాగానే తెలుస్తుంది.

ఒక నడవా, ఒక జాంబీ, పదిహేను తూటాలు

ఈ ధరలన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో తెలియడానికి ఒక ఉదాహరణ వేసుకుందాం. పిస్టల్‌లో పదిహేను తూటాలు పడతాయి. ఒక జాంబీని పూర్తిగా పడగొట్టడానికి ఎన్ని కావాలన్నది ప్రతిసారీ ఒకేలా ఉండదు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఏడు అనుకుందాం. అంటే నిండు పిస్టల్‌తో రెండు జాంబీలు పోతాయి, ఒక్క తూటా మిగులుతుంది.

సేవ్ చేసుకునే గదికీ భోజనశాలకూ మధ్య ఉన్న నడవాలో ఒక జాంబీ ఉంది. దాన్ని చంపితే ఖర్చు ఏడు తూటాలు. చంపకుండా పక్కనుంచి తప్పుకుని పోతే ఖర్చు సున్నా, కాని నాలుగుసార్లలో ఒకసారి అది పట్టుకుని కరుస్తుందనుకుందాం. ఆ నడవాలో ఒక్కసారే నడవాలంటే తప్పుకుపోవడమే మేలు. ఎనిమిదిసార్లు నడవాలంటే సగటున రెండు కాట్లు పడతాయి, రెండు కాట్లకు ఒక మూలికైనా పోతుంది. ఇప్పుడు ప్రశ్న మారింది: ఏడు తూటాలు విలువైనవా, ఒక మూలిక విలువైనదా? దీనికి జవాబు చెప్పాలంటే ఆ నడవాలో ఇంకా ఎన్నిసార్లు నడవాలో తెలియాలి. మొదటిసారి ఆడేవారికి అది తెలిసే అవకాశమే లేదు.

ఇక్కడ ఇంకొక సంగతి కీలకం. ఈ ఆటలో జాంబీని చంపినందువల్ల ఏమీ రాదు. దాని దగ్గర తూటాలు దొరకవు, డబ్బు దొరకదు, మన పాత్ర బలం పెరగదు. మిగతా ఆటల్లో శత్రువును చంపడం సంపాదన. ఇక్కడ అది శుద్ధ ఖర్చు, కొనుక్కునేది ఆ నడవాలో కాస్త ప్రశాంతత మాత్రమే. జాంబీ నెమ్మదిగా నడవడం కూడా ఈ కారణంగానే ముఖ్యం. కుక్క కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకినప్పుడు గుండె ఝల్లుమంటుంది, చేతులు వాటంతటవే పనిచేస్తాయి, ఆలోచనకు తావుండదు. జాంబీ అలా కాదు. అది కాళ్ళీడ్చుకుంటూ వచ్చేలోగా లెక్క వేసుకోవడానికి సమయం ఇస్తుంది, ఆ సమయమే మనిషిని నలిపేస్తుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. ఆటను బాగా ఎరిగినవారు, నిజానికి తూటాలకు అంత కొరతే లేదనీ, జాగ్రత్తగా ఆడితే చివరికి పెట్టెలో బోలెడు మిగులుతాయనీ అంటారు. కత్తితోనే ఆటను ముగించినవాళ్ళు కూడా ఉన్నారు. ఇది నిజమే. అయితే దీనివల్ల పై వాదం పడిపోదు, మరింత స్పష్టమవుతుంది. భయపెట్టేది కొరత కాదు, కొరత రాబోతోందేమోనన్న అనుమానం. ముందున్న దారి తెలియనివాడికి పదిహేను తూటాలు ఎక్కువో తక్కువో చెప్పే కొలమానమే ఉండదు.

లెక్క కుదిరిందనుకున్న వేళ

ఆట సగం దాటేసరికి ఆటగాడు బంగళాను దాదాపు జయిస్తాడు. ఏ నడవా ఖాళీయో, ఏ గదిలో ఎంత దూరం తిరిగి పోవాలో తెలుస్తుంది. కత్తి, కవచం, డాలు, శిరస్త్రాణం గుర్తులున్న తాళంచెవులు ఒక్కొక్కటిగా దొరికి, మూసి ఉన్న తలుపులు తెరుచుకుంటూ వస్తాయి. ఒక తాళంచెవితో ఇక పనిలేదని ఆటే చెప్పి, పారేయమంటుంది. ఒక గడి ఖాళీ అయినప్పుడు కలిగే ఆ ఊరట ఎంత హాయిగా ఉంటుందో ఆడినవారికే తెలుసు.

అప్పుడు కథ మనల్ని బంగళా వెనుక ఉన్న ఇంకో భవనానికి పంపి, అక్కడి పని ముగిశాక తిరిగి బంగళాకు రప్పిస్తుంది. తలుపు దాటగానే ఒక దృశ్యం వస్తుంది: ఏదో జీవి మన వెనకే, మనం వచ్చిన దారినే పరుగెత్తుకొస్తూ, దాని కళ్ళతో చూసినట్టు తోట, తలుపు, నడవా కనిపిస్తాయి. అది హంటర్. ఎగిరి దూకుతుంది, పంజాతో చీలుస్తుంది, ఆరోగ్యం తక్కువగా ఉంటే ఒక్క దెబ్బతో తల తెంచేస్తుంది. నిన్నటివరకూ ఖాళీ చేసి పెట్టుకున్న నడవాల్లో ఇప్పుడు ఇవి తిరుగుతుంటాయి. ఏడేసి తూటాలు పెట్టి కొనుక్కున్న ప్రశాంతత అంతా ఒక్క క్షణంలో చెల్లని నోటయిపోతుంది. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే. కొత్త చోటును చూపించి భయపెట్టడం ఎవరైనా చేయగలరు. బాగా తెలిసిన ఇంటినే మళ్ళీ పరాయిదాన్ని చేయడానికి మాత్రం, ముందుగా ఆ ఇంటిని గంటల తరబడి మన చేత సొంతం చేయించాలి.

ఇంక్ రిబ్బన్: గడిచిన గంటకు ధర

ఆటను సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ ఉన్న చోటికి వెళ్ళాలి, ప్రతిసారీ ఒక ఇంక్ రిబ్బన్ ఖర్చు చేయాలి. రిబ్బన్లు పరిమితం. తూటా పోతే పాత్రకు నష్టం. సేవ్ చేయకుండా చనిపోతే ఆడుతున్న మనిషికే నష్టం, ఎందుకంటే తెర ముందు కూర్చున్న ఆ నలభై నిమిషాలు నిజంగానే పోయాయి. ఆటలోని భయం ఆట బయటకు దాటి వచ్చే చోటు ఇదొక్కటే.

ఇది అన్యాయమన్నవారి వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. పగలంతా పనిచేసి రాత్రి అరగంట దొరికితే ఆడుకునేవారికి, సేవ్ చేసుకునే స్వేచ్ఛ లేకపోవడం భయం కాదు, విసుగు. అదే భాగాన్ని నాలుగోసారి ఆడేటప్పుడు ఎంత భయంకరమైన దృశ్యమైనా పాతబడిపోతుంది. మరోవైపు, ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకోగలిగితే నడవాలోని జాంబీ గురించి వేసిన లెక్క అంతా ఎగిరిపోతుంది: కరిస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడితే సరి. పట్టుబడితే పోయేదేమీ లేనప్పుడు ఏ నిర్ణయానికీ బరువుండదు. సేవ్ గదిలో వినిపించే మెత్తని సంగీతం అంతగా మనసుకు పట్టడానికీ ఈ బరువే కారణం.

కదలని కెమెరా, తెరుచుకునే తలుపు

యంత్రం పరిమితి వాదాన్ని ఇక్కడ పరీక్షించవచ్చు. ప్లేస్టేషన్‌కు ఉన్న ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. దాని సీడీ డ్రైవ్ సెకనుకు సుమారు 300 కిలోబైట్లు చదవగలదు. మెమరీ మొత్తం కొత్త సమాచారంతో నింపాలంటే ఏడు సెకన్ల దాకా పడుతుంది. గది మారినప్పుడల్లా ఎంతో కొంత ఎదురుచూపు తప్పదు కాబట్టి, ఆ వ్యవధిలో నల్లటి తెర మీద ఒక తలుపు మెల్లగా తెరుచుకునే దృశ్యం చూపించారు. గదుల్ని ముందే గీసిపెట్టిన బొమ్మలుగా ఉంచడం వల్ల యంత్రం శక్తినంతా పాత్రలకూ జాంబీలకూ వాడుకునే వీలు కలిగింది. బొమ్మ ముందే గీసినది కనుక కెమెరా కదలదు. ఇంతవరకు సాంకేతిక వివరణ సరైనదే.

కాని ఆ తలుపు దృశ్యం ‘స్వీట్ హోమ్’లోనూ ఉందని పైన చెప్పుకున్నాం. అది సీడీ ఆట కాదు, కార్ట్రిడ్జ్ ఆట. అక్కడ సీడీ తిరిగేదాకా ఆగవలసిన పనే లేదు. అంటే తలుపును మెల్లగా తెరిపించడంలోని ఉత్కంఠ సీడీ కన్నా ముందే రూపకర్తలకు తెలుసు. యంత్రం ఆలస్యం దానికి కొత్త అవసరాన్ని కలిపింది. పైగా ఈ తలుపుకు ఆటలో ఒక నియమబద్ధమైన పాత్ర ఉంది. 1996 నాటి బంగళాలో జాంబీలు తలుపు దాటి వెంటరావు. కాబట్టి ప్రతి తలుపూ ఒక లెక్కను మూసి ఇంకో లెక్కను తెరుస్తుంది.

కెమెరా సంగతీ అంతే. నడవా మూల దగ్గర నిలబడితే మూలకు అవతల ఏముందో మన పాత్రకు కనిపించాలి గాని, కెమెరా ఎక్కడో పైనుంచి చూస్తుంటుంది కనుక మనకు కనిపించదు. మూలుగు వినిపిస్తుంది. అడుగుల చప్పుడు వినిపిస్తుంది. కనిపించనిదాని వైపు తుపాకీ ఎత్తి, ఒక తూటా పేల్చి తెలుసుకోవాలా, ఒక అడుగు ముందుకు వేసి తెలుసుకోవాలా? సమాచారానికి కూడా ధర కట్టారు.

ట్యాంక్ కంట్రోల్స్: ఇంకా తేలని వివాదం

ఈ ఆటలో మీట పైకి నొక్కితే పాత్ర ఎటు చూస్తోందో అటే నడుస్తుంది. కుడి, ఎడమ మీటలు పాత్రను నిలబడ్డ చోటే తిప్పుతాయి. యుద్ధ ట్యాంకు కదలికలా ఉంటుంది కాబట్టి దీన్ని ట్యాంక్ కంట్రోల్స్ అంటారు. దీనికి సమర్థమైన కారణమే ఉంది. తెర ఆధారంగా దిక్కులు పెడితే, కెమెరా కోణం మారిన క్షణంలో ‘పైకి’ అన్నదాని అర్థం మారిపోయి, ముందుకు పరుగెత్తుతున్న పాత్ర గిరుక్కున వెనక్కి తిరిగి జాంబీ చేతుల్లో పడుతుంది. పాత్ర ఆధారంగా పెడితే కెమెరా ఎన్నిసార్లు మారినా నడక చెదరదు.

అయితే ఇది భయాన్ని పెంచిందా, కేవలం చిరాకునా? 2015లో అనేక యంత్రాలకు వచ్చిన హెచ్‌డీ రూపంలో ఆధునిక పద్ధతి నడకను కూడా చేర్చడంతో ఈ ప్రశ్నను ఎవరికి వారు పరీక్షించి చూసుకునే వీలు కలిగింది. కొత్త పద్ధతిలో జాంబీ పక్కనుంచి జారుకోవడం చాలా సులువు. పైన వేసిన లెక్కలో కాటు పడే అవకాశం నాలుగింట ఒకటి నుంచి పదింట ఒకటికి తగ్గిందనుకుంటే, ఎనిమిదిసార్లు నడిచినా సగటున ఒక్క కాటు కూడా పడదు. ఏడు తూటాలు ఖర్చు చేయడానికి కారణమే మిగలదు. నడక మారితే ధరలు మారతాయి. అలాగని పాత పద్ధతే పవిత్రమనీ అనలేను. మొదటి అరగంటలోనే మీటలతో పెనుగులాడి ఆటను మూసేసినవారికి ఆ తర్వాతి పది గంటల భయం ఎన్నటికీ అందదు, ఆ నష్టం చిన్నది కాదు.

2002: చచ్చిన జాంబీకి మళ్ళీ కట్టిన ధర

మికామి స్వయంగా దర్శకత్వం వహించి 2002లో గేమ్‌క్యూబ్ యంత్రం కోసం ఆటను కొత్తగా తయారుచేశారు. చిత్రాల నాణ్యత ఎంతో పెరిగింది, కాని లోతైన మార్పు వేరే చోట ఉంది. ఇందులో పడగొట్టిన జాంబీ శవం అక్కడే ఉండి, కొంతకాలం తర్వాత క్రిమ్సన్ హెడ్‌గా లేస్తుంది. పరుగెత్తుతుంది, పంజా విసురుతుంది. అలా లేవకుండా ఉండాలంటే దాని తలైనా పగలాలి, శవాన్ని కిరోసిన్ పోసి కాల్చేయనైనా కాల్చాలి. కిరోసిన్ పట్టుకెళ్ళే డబ్బాకు సంచిలో ఒక గడి కావాలి, ఒకసారి నింపితే రెండు శవాలకే వస్తుంది.

నడవా లెక్కను మళ్ళీ వేద్దాం. పాత ఆటలో చంపడం ఖర్చు ఏడు తూటాలు. ఇప్పుడు ఏడు తూటాలు, దానితోపాటు డబ్బాలో సగం కిరోసిన్, దాన్ని మోసినంతసేపూ ఒక గడి. కాల్చకుండా వదిలేస్తే తర్వాత ఎప్పుడో అంతకన్నా భయంకరమైనదానితో తలపడాలి. పాత ఆటను కంఠస్థం చేసినవారికి ఇది గట్టి దెబ్బ, ఎందుకంటే వాళ్ళకు తెలిసిన ధరల పట్టిక ఇక చెల్లదు. కథ, ఇల్లు దాదాపు అవే ఉంచి, ధరలు మాత్రం మార్చి, ఆరేళ్ళ పాత ఆటకు తొలినాటి భయాన్ని తిరిగి తెచ్చారు.

తర్వాతి ఆటలు ఇచ్చే సాక్ష్యం

‘రెసిడెంట్ ఈవిల్’ వరుసలో 2005లో వచ్చిన నాలుగో ఆటలో కెమెరా పాత్ర భుజం వెనక్కి చేరింది. ఆ ఆట గొప్పదనడంలో నాకే సందేహమూ లేదు. కాని అందులో చంపిన శత్రువుల దగ్గర తూటాలు, డబ్బు దొరుకుతాయి, ఆ డబ్బుతో వ్యాపారి దగ్గర ఆయుధాలను మెరుగుపరచుకోవచ్చు. చంపడం సంపాదనగా మారింది, దాంతో ఉత్కంఠ మిగిలినా తొలి ఆటలోని ఆ పిసినారి భయం తగ్గింది. 2012 నాటి ఆరో ఆట దాకా సాగిన ఈ మార్గం మీద పాత అభిమానుల అసంతృప్తి పెరుగుతూ వచ్చింది.

2017లో వచ్చిన ఏడో ఆట కదలని కెమెరాను తిరిగి తేలేదు, ట్యాంక్ కంట్రోల్స్ తేలేదు. పాత్ర కళ్ళతోనే చూస్తూ ఆడే పద్ధతి పెట్టింది. మామూలు జాంబీలు కూడా అందులో లేవు. అయినా ఒకే ఇల్లు, చాలని సంచి, సామాన్ల పెట్టె, వింత గుర్తుల తాళంచెవులు తిరిగి వచ్చాయి, వాటితో ఆ పాత భయమూ వచ్చింది. 2019లో కొత్తగా చేసిన రెండో ఆటలో కెమెరా భుజం వెనకే ఉన్నా, టైరంట్ అనే చావని రాక్షసాకారం ఒకటి గది నుంచి గదికి వెంటాడుతూ, తలుపు దాటితే క్షేమం అన్న పాత హామీని రద్దు చేసింది. కెమెరా, నడక పద్ధతి లేకుండానే భయం తిరిగి రాగలిగిందంటే అవి ఆ ధరలను అమలు చేసిన అనేక సాధనాల్లో రెండు మాత్రమేనని అనుకోవలసి ఉంటుంది. ముందే గీసిన ఆ గదుల వెలుగునీడల్లోని అందం మాత్రం వేరు. అది ఏడో ఆటలోగాని, రెండో ఆట కొత్త రూపంలోగాని లేదు, ఉందని నటించడం కూడా సరికాదు.

వీటన్నిటికన్నా గట్టి సాక్ష్యం 1996 నాటి ఆటలోనే ఉంది. మూడు గంటల లోపు ఆటను ముగించినవారికి తర్వాతిసారి ఆడేటప్పుడు తూటాలు ఎన్నటికీ అయిపోని రాకెట్ లాంచర్ బహుమతిగా దొరుకుతుంది. దాన్ని భుజాన వేసుకుని బంగళాలోకి అడుగుపెడితే అదే నడవా, అదే మూల, మూలకు అవతల అదే మూలుగు, అదే కదలని కెమెరా, తిరగడానికి అంతే సమయం తీసుకునే అదే పాత్ర. తలుపు మునుపటిలాగే మెల్లగా తెరుచుకుంటుంది. ఆటగాడు మాత్రం ఈసారి సంచి తెరిచి చూసుకోడు.